ముప్పై ఎనిమిది సెలవుల కుక్క

తూనికలు కొలతల కార్యాలయంలో ఆ ఏడాది అందరికంటే ఎక్కువ సెలవులు వాడుకున్నది గేటు దగ్గరి కుక్క. పల్లెబాటల వెంట నడక విహారానికి అది మొత్తం ముప్పై ఎనిమిది సార్లు వెళ్ళినట్టు రికార్డుల్లో ఉంది. ప్రతిసారీ ఆరు రోజులు, రోజుకు పన్నెండు కిలోమీటర్లు. ఓపిక ఉన్నవారు లెక్క వేసుకోవచ్చు. ఆఫీసులో మాత్రం ఎవరూ వేయలేదు, అది వాళ్ళ విధుల్లోకి రాదు.

ఈ సంగతి నడుముల దగ్గర మొదలైంది. ప్రధాన కార్యాలయం వారికి ఒకసారి ఏం తోచిందో, సిబ్బంది అందరి నడుములూ కొలిపించారు. కొలతల శాఖ కనుక టేపులకు కొదవ లేదు, ఒకటి చాలకపోతే రెండు కలిపి కట్టారు. ఫలితాలు రహస్యంగా ఉంచారు గాని, నెల తిరక్కుండా ఒక సర్క్యులర్ వచ్చింది: "సిబ్బంది ఆరోగ్య సంరక్షణార్థం, సొంత కుక్క కలిగిన ప్రతి ఉద్యోగికీ పూర్తి జీతంతో ఆరు రోజుల పల్లెనడక సెలవు మంజూరు చేయడమైనది." కుక్క ఎందుకన్నది ఒక ఉపసంఘం మూడు వారాలు కూర్చుని తేల్చిన విషయం. మనిషిని ఒంటరిగా నడవమంటే మొదటి టీకొట్టు దగ్గర ఆగిపోతాడు, కుక్క ఆగనివ్వదు. పైగా కుక్క అబద్ధమాడదు. అందుచేత ప్రతి మజిలీలోనూ, అక్కడి విశ్రాంతి గృహం కాపరి సంతకంతో పాటు కుక్క ముందు కుడికాలి ముద్ర నడక పుస్తకంలో పడాలి. సంతకం లేకపోయినా సర్దుకుంటారు, ముద్ర లేకపోతే సెలవు చెల్లదు.

ముద్ర అన్న మాట వింటే ఆ శాఖ వారికి ప్రాణం లేచొస్తుంది. వాళ్ళ వృత్తే అది. ఊళ్ళోని త్రాసులు, తూకపు రాళ్ళు, లీటరు కొలతలు, మీటరు బద్దలు అన్నీ ఏడాదికోసారి ఆ ఆఫీసుకు రావలసిందే. లోపల గాజు బీరువాలో ఇత్తడితో చేసిన అసలు నమూనాలు ఉంటాయి. వాటినే ప్రమాణాలు అంటారు. వచ్చిన రాయిని ప్రమాణంతో సరిచూస్తారు. సరిపోతే ముద్ర వేస్తారు, సరిపోకపోతే తప్పు రాయిది. ప్రమాణమే తప్పు కావచ్చునన్న ఆలోచన ఆ భవనంలో ఇంతవరకు ఎవరికీ రాలేదు. అలా రాకుండా చూడడానికే కొత్తగా చేరినవాళ్ళకు ఆరు నెలల శిక్షణ ఇస్తారు.

ఇక గేటు. అక్కడ పదకొండేళ్ళుగా ఒక వాచ్‌మన్ ఉన్నాడు, తాత్కాలిక ప్రాతిపదికన. పదకొండేళ్ళు తాత్కాలికంగా ఎలా ఉంటారని మీరు అడగరని తెలుసు. మీ ఇంటి చుట్టుపక్కల కూడా అలాంటివాడు ఒకడు ఉండే ఉంటాడు. అతనికి సంతకం చేయడం శుభ్రంగా వచ్చు. అయితే హాజరు పట్టీలో సంతకాల గడి పర్మనెంటు వాళ్ళది, తాత్కాలికుల గడి వేలిముద్రలది. అందుకని రోజూ పొద్దున్నే బొటనవేలు ఇంకులో అద్ది, పట్టీలో నొక్కి, మిగిలిన ఇంకును గేటు పక్క గోడకు ఒత్తేవాడు. ఆ గోడ మీద పదకొండేళ్ళ వేలిముద్రలు వరసగా ఉన్నాయి.

ఆరేళ్ళ కిందట ఒక ముసురు రోజున, లారీలు తూచే కాటా కింద అతనికి ఒక కుక్కపిల్ల దొరికింది. ఒక చెవి నిటారుగా, రెండోది మడతపెట్టినట్టు ఉంటే అతని భార్య 'మడతచెవి' అని పేరు పెట్టింది. పిల్లలు లేని ఆ ఇద్దరికీ అది ఆరోప్రాణం. గేటు దగ్గరి స్టూలు మీద కూర్చుంటే ఇళ్ళ కప్పుల మీదుగా దూరాన ఒక పచ్చటి గుట్ట, దాని మీద మెలికలు తిరిగిన తెల్లటి కాలిబాట కనబడతాయి. పదకొండేళ్ళుగా వాచ్‌మన్ వాటినే చూస్తున్నాడు.

"ఒక్కసారి మనం ముగ్గురం ఆ బాట పట్టుకుని పైదాకా వెళ్దామే" అనేవాడు భార్యతో.

"వెళ్దాంలే. మోకాళ్ళు ఉండగానే దొరుకుతుందా నీకు సెలవు?" అనేది ఆవిడ.

కాబట్టి సర్క్యులర్ నోటీసు బోర్డుకెక్కిన రోజున వాచ్‌మన్ దాన్ని నిలబడి మూడుసార్లు చదివాడు. కుక్క ఉండాలన్నారు. ఆఫీసు మొత్తంలో కుక్క ఉన్నది తనకొక్కడికే. ఆనందంతో అతనికి ఆ పూట అన్నం సయించలేదు. తెల్ల కాగితం మీద అర్జీ రాసి, కింద పొందికగా సంతకం చేసి, సిబ్బంది వ్యవహారాలు చూసే గుమాస్తా దగ్గరికి పట్టుకెళ్ళాడు.

గుమాస్తా అర్జీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నీకు కుక్క ఉంది, నేను కాదనను. కానీ ఉద్యోగం కూడా ఉండాలి కదయ్యా?"

"మరి పదకొండేళ్ళ నుంచి గేటు దగ్గర నేను చేస్తున్నదేంటి సార్?"

"ఉంటున్నావు. ఉండటం వేరు, ఉద్యోగం వేరు. తాత్కాలికుడికి సెలవు ఇవ్వాలంటే ముందు వాడు ఉన్నట్టు మేం ఒప్పుకోవాలి. అదంతా పెద్ద తలనొప్పి." గుమాస్తా అర్జీని మడిచి సొరుగులో పడేశాడు. తరవాత గొంతు తగ్గించి, "అన్నట్టు, ఆ కుక్క సోమవారం ఖాళీయేనా?" అన్నాడు.

ఖాళీ లేదు. పెద్దాఫీసరు అప్పటికే మాట తీసుకున్నాడు.

పదకొండేళ్ళలో మొదటిసారి పెద్దాఫీసరు గేటు దగ్గర కారు ఆపి, అద్దం దించి, "బాగున్నావా?" అని పలకరించాడు. వాచ్‌మన్ కంగారుగా లేచి నిలబడ్డాడు గాని, పలకరింపు కుక్కకు. సోమవారం ఉదయం ఆయన కొత్త బూట్లు, టోపీ, వెండిపొన్ను కర్రతో దిగాడు. చేతిలో ధ్రువపత్రం ఉంది: "ఈ శునకము నా సొంతము. కళ్ళు తెరిచినది మొదలు నా ఒడిలోనే పెరిగినది. దీనిని విడిచి నేను క్షణమైనా ఉండలేను." కింద సంతకం, తేదీ. గొలుసు చేతిలోకి తీసుకుంటూ, "ఏమోయ్, ఇది కరుస్తుందా?" అని వాచ్‌మన్‌ను అడిగాడు.

ఆయన నడక గుట్ట మొదలు దాకా కారులో సజావుగా సాగింది. అక్కడ సామాను మోయడానికని ఒక బండి మాట్లాడుకున్నాడు. సామానులో మొదటి వస్తువుగా తానే ఎక్కాడు. బండి వెనక కుక్క నడిచింది. ఆరు రోజుల తరవాత ముఖం ఒకవైపు మాత్రం ఎండకు నల్లబడి తిరిగొచ్చి, సిబ్బంది అందరినీ సమావేశపరిచి ప్రసంగించాడు.

"మిత్రులారా! నడక అంటే ఏమిటో నాకు ఇన్నాళ్ళకు తెలిసింది. మట్టి మనతో మాట్లాడుతుంది. గాలి మనల్ని పేరు పెట్టి పిలుస్తుంది. ఆ మూగజీవి నా అడుగులో అడుగు వేసి నడుస్తుంటే, మా ఇద్దరిలో ఎవరు యజమాని అన్న సందేహం నాకే కలిగింది!" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సందేహం ఆయనకు కలిగిన మాట మాత్రం నిజం.

అంతే, ఆఫీసులో కుక్కల మీద ప్రేమ కట్టలు తెంచుకుంది. గుమాస్తా వెళ్ళాడు. కుక్కంటే ఆమడదూరం పరిగెత్తే అకౌంటెంటు బండెక్కి, దాన్ని ఇరవై గజాల తాడుతో ముందు నడిపించుకుంటూ వెళ్ళాడు. టైపిస్టు దిండుతో సహా వెళ్ళి, మొదటి మజిలీలోనే ఆరు రోజులూ నిద్రపోయి, ముద్రల కోసం కుక్కను పుస్తకంతో పాటు కాపరి కొడుకు వెంట మిగతా ఐదు మజిలీలకూ పంపింది. ప్రతివారూ కుక్క తమదేననీ, తమ ఒళ్ళోనే పెరిగిందనీ రాసిచ్చారు. శనివారం సాయంత్రం కుక్క గేటు దగ్గరికి చేరేది, సోమవారం పొద్దున మరో యజమాని వచ్చేవాడు.

శనివారాలు వాచ్‌మన్, భార్య కలిసి గోరువెచ్చటి నీళ్ళతో దాని కాళ్ళు కడిగి నూనె రాసేవాళ్ళు. బొచ్చులో చిక్కుకున్న గడ్డిగింజల్ని వాచ్‌మన్ ఒక్కొక్కటీ ఏరి స్టూలు మీద పెట్టుకునేవాడు. గుట్ట మీది గింజలు. సెలవులో అతని వాటాకు వచ్చినవి అవే.

"పైన ఎలా ఉందిరా? గాలి బాగా వస్తోందా?" అని అడిగేవాడు. కుక్క ఉలుకూ పలుకూ లేకుండా నిద్రపోయేది. దాన్ని చూసి అతనికి ఒక్కోసారి అసూయ కలిగేది. ఎముకలు తేలిన దాని వీపు నిమిరాక, అసూయ కలిగినందుకు సిగ్గు కలిగేది.

పద్నాలుగో సెలవు ముగిసేసరికి మడతచెవికి తల ప్రాణం తోకకొచ్చింది, ఆ తోక కూడా ఊగడం మానేసింది. ముందు కుడికాలి మెత్త అడ్డంగా చీలింది. కుంటుతూ వచ్చి స్టూలు కింద పడుకుంది. సోమవారం పదిహేనో యజమాని వచ్చి గొలుసు అడిగితే, వాచ్‌మన్ పదకొండేళ్ళలో మొదటిసారి "ఇవ్వను" అన్నాడు.

ఆఫీసు అట్టుడికిపోయింది. పెద్దాఫీసరు స్వయంగా గేటు దాకా నడిచొచ్చాడు. ఆ ఏడాది ఆయన నిజంగా నడిచిన దూరం అదే. త్యాగం గురించి, సంస్థ అభివృద్ధిలో మూగజీవుల పాత్ర గురించి పావుగంట మాట్లాడాడు. గోడకు చెప్పినట్టయింది. వాచ్‌మన్ కుక్క ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని కదల్లేదు.

దారి చూపినవాడు ముద్రల మేస్త్రి. త్రాసుల మీద వేసే ముద్రలు చెక్కేది ఆయనే, చేతిపనిలో మొనగాడు. కుక్క పాదం మెల్లగా ఎత్తి, కాగితం మీద ఒత్తి, ఆ గుర్తు చూసి రబ్బరుతో ఒక స్టాంపు చెక్కాడు. మెత్త, నాలుగు వేళ్ళు, గోళ్ళు, అడ్డంగా పడిన చీలికతో సహా. కుక్కకు చూపిస్తే అది వాసన చూసి తన పాదమే అనుకుని నాకింది. ఆ స్టాంపును నమోదు చేసి, 'ప్రమాణ పాదం' అని చీటీ అంటించి, గాజు బీరువాలో కిలో రాయికీ మీటరు బద్దకూ మధ్యన పెట్టారు. వాడకానికి ఐదు నకళ్ళు తీశారు.

ఆ తరవాతి మూడు నెలలు వాచ్‌మన్ జీవితంలో మంచి రోజులు. మడతచెవి గేటు దగ్గరే ఉంది. ఒళ్ళు చేసింది. కాలి చీలిక పూర్తిగా మానిపోయింది. తోక మళ్ళీ పనిలో చేరింది.

ఇంకోవైపు సెలవులు జోరందుకున్నాయి. మొదట్లో స్టాంపు జేబులో వేసుకుని గుట్ట దాకా వెళ్ళొచ్చారు. తరవాత కాపరుల సంతకాలకు కూడా స్టాంపులు చేయించారు. ఆ తరవాత వెళ్ళడం దేనికని ఇంట్లోనే కూర్చుని, ఆరు మజిలీలూ ఒక్క పూటలో నొక్కేసి, గదులు మాత్రం టపాలో ముందే బుక్ చేసుకునేవారు. కుక్క కాలికి బలపం కట్టుకున్నట్టు ఒకే రోజున గుట్ట మీదా, ఏటి ఒడ్డునా, అడవి బాటలోనూ నడిచింది. దీనికి ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. ముద్రలు సరిగ్గా ఉన్నాయి కదా! ఏడాది చివర మళ్ళీ నడుములు కొలిస్తే అందరివీ రెండేసి అంగుళాలు తగ్గాయి. ఈసారి టేపు ఎవరిది వాళ్ళే పట్టుకున్నారు.

ఇంత మంచి ఫలితాలు చూసి ప్రధాన కార్యాలయం పొంగిపోయింది. ఉత్తమ విహార శునకానికి పతకం ఇవ్వడానికి తనిఖీ అధికారిని పంపించింది. ఆయన ఎర్ర రిబ్బను పతకం పట్టుకుని గేటులోకి అడుగుపెట్టగానే నీడలో పడుకున్న మడతచెవి లేచి, తన విధి ప్రకారం ఒకసారి మొరిగింది.

"ఈ కుక్క ఎవరిది?" అన్నాడు తనిఖీ అధికారి.

రికార్డు ప్రకారం ఆ నిమిషాన మడతచెవి అకౌంటెంటుతో ఏటి ఒడ్డున ఉంది, టైపిస్టుతో గుట్ట మీద ఉంది. గేటు దగ్గర ఉండే వీలు దానికి ఏ విధంగానూ లేదు.

"మాకు తెలియదు సార్. ఎప్పుడూ చూడలేదు" అన్నాడు పెద్దాఫీసరు, తన అడుగులో అడుగు వేసి నడిచిందని తానే చెప్పిన కుక్క ముఖం చూడకుండా.

"పోలికలు రికార్డులో రాసినట్టే ఉన్నాయే! చెవి కూడా మడతగా ఉంది. సరిచూద్దాం" అన్నాడు తనిఖీ అధికారి. ఆ శాఖలో ఇంకెవరైనా అయితే కుక్కను చూసేవారు. ఆయన ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు కనుక, ప్రమాణం తెమ్మన్నాడు.

బల్ల వేశారు. గాజు బీరువా తెరిచి ప్రమాణ పాదాన్ని పట్టుగుడ్డలో తెచ్చారు. ఇత్తడి కొలబద్దలు, భూతద్దం, ఇంకు పెట్టె వరసగా పెట్టారు. ఇంకు పెట్టెను చూడగానే మడతచెవి ఎవరూ అడక్కుండానే ముందుకొచ్చి, కుడికాలు ఎత్తి ఇంకులో అద్ది, కాగితం మీద నొక్కింది. పద్నాలుగు సెలవులు దానికి ఆ మాత్రం ఆఫీసు పని నేర్పాయి.

తనిఖీ అధికారి భూతద్దంతో రెండు గుర్తుల్నీ సరిచూసి తల అడ్డంగా ఊపాడు. ప్రమాణంలో చీలిక ఉంది, కుక్కలో లేదు. ఆయన అక్కడికక్కడే ఉత్తర్వు రాయించాడు: "సదరు జంతువు ప్రమాణముతో ఏకీభవించనందున నకిలీ అని నిర్ధారించడమైనది. నకిలీ తూకపు రాళ్ళకు వర్తించు నిబంధనే దీనికిని వర్తించును." నకిలీ రాళ్ళను స్వాధీనం చేసుకుని పగలగొట్టాలన్నది నిబంధన. కుక్క విషయంలో పని సులువుగా ఉంటుందని కుక్కల బండికి కబురు పంపారు. మరుసటి ఉదయం వస్తామన్నారు.

వాచ్‌మన్ బల్ల దగ్గరికొచ్చి చేతులు జోడించాడు. "అయ్యా, ఇది మా మడతచెవి. నేను పెంచుకున్న కుక్క. కాలు మానిపోయింది, అందుకే గీత లేదు. మేస్త్రీ, నువ్వు చెప్పవయ్యా!"

ముద్రల మేస్త్రి తన గోళ్ళలోని రబ్బరు తీసుకుంటూ ఉండిపోయాడు.

తనిఖీ అధికారి మంచివాడు, ఓపిగ్గా బోధపరిచాడు. "చూడు బాబూ. మడతచెవి అనే కుక్క తమదేనని ముప్పై ఎనిమిది ధ్రువపత్రాలు ఉన్నాయి. అన్నీ పర్మనెంటు వాళ్ళవి. వాళ్ళల్లో ఒక్కరూ ఇది మా కుక్క అనడం లేదు. నీ దగ్గర ధ్రువపత్రం ఒక్కటీ లేదు. మరి నీదెలా అవుతుంది?"

"పిలిస్తే వస్తుంది సార్."

"పిలువు."

"మడతా!" అన్నాడు వాచ్‌మన్. కుక్క నాలుగంగల్లో వచ్చి అతని మోకాలి మీద తల ఆనించింది. ఇంకు మరక ప్యాంటుకు అంటింది.

"పిలిస్తే రావడం అనేది నిబంధనల్లో ఎక్కడా లేదు" అన్నాడు తనిఖీ అధికారి, కొంచెం విచారంగా.

వాచ్‌మన్ మెడలోని ఈల తీసి బల్ల మీద పెట్టాడు. గేటు తాళంచెవి తీసి దాని పక్కన పెట్టాడు. "నేను సెలవు మీద పోతున్నాను సార్."

"నీకు సెలవు లేదయ్యా!" అన్నాడు గుమాస్తా కంగారుగా.

"అడిగితే కదా సార్, లేదనడానికి."

ఇంటికెళ్ళి చెబితే భార్య వెంటనే లేచింది. రెండు దుప్పట్లు, నాలుగు రొట్టెలు, నీళ్ళ సీసా మూట కట్టి చెప్పులేసుకుంది. "మోకాళ్ళు ఉండగానే దొరికింది, పద" అంది. మధ్యాహ్నం తిరిగేసరికి ముగ్గురూ తెల్లబాట మీద ఉన్నారు. మడతచెవి ముందు నడిచింది. ప్రతి మలుపు దగ్గరా ఆగి, వెనక్కి తిరిగి, వీళ్ళు వస్తున్నారో లేదో చూసుకుంది. ఇంతవరకు దాని వెనక నిజంగా నడిచినవాళ్ళు లేరు కనుక ఆ అలవాటు కొత్తగా చేసుకోవలసి వచ్చింది.

గుట్ట నడుమ విశ్రాంతి గృహం కాపరి కుక్కను చూసి పరిగెత్తుకొచ్చాడు. "మడతచెవీ! ఎన్నాళ్ళయిందిరా!" అని దాన్ని ఎత్తుకున్నంత పని చేశాడు. గది అడిగితే మాత్రం ముఖం చిన్నబోయింది. "ఆరు గదులూ నిండిపోయాయి తల్లీ."

తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. లోపల పక్కలు వేసి ఉన్నాయి. తువ్వాళ్ళు మడతపెట్టి ఉన్నాయి. మనుషులే లేరు.

"ఎవరూ లేరు కదన్నా?" అంది వాచ్‌మన్ భార్య.

"పుస్తకంలో ఉన్నారు. మీ ఆఫీసు వాళ్ళే. మూడు నెలలుగా ఉంటూనే ఉన్నారు, ఒక్కరూ రాలేదు" అన్నాడు కాపరి. నిబంధన నిబంధనే గనక వాళ్ళకు వరండాలో చాప పరిచాడు, టీ కాచి తెచ్చాడు, తనూ వచ్చి వాళ్ళ పక్కన కూర్చున్నాడు.

అక్కణ్ణుంచి చూస్తే ఊరు, ఊళ్ళో ఆఫీసు, గేటు, గేటు పక్కన ఖాళీ స్టూలు కనబడ్డాయి. పదకొండేళ్ళు తాను కూర్చున్నది అంత చిన్న చోటా అని వాచ్‌మన్ ఆశ్చర్యపోయాడు. తరవాత నవ్వొచ్చింది. నవ్వుతూ కుక్క బొచ్చులోంచి ఒక గడ్డిగింజ తీశాడు, అలవాటు కొద్దీ దాచుకోబోయి, చుట్టూ ఉన్న గడ్డి చూసి గాలికి వదిలేశాడు.

మర్నాడు కుక్కల బండి వచ్చి గేటు ముందు రెండు చుట్లు తిరిగి, కుక్క ముట్టినట్టు రశీదు ఇచ్చి వెళ్ళిపోయింది. వాచ్‌మన్ తిరిగి రాలేదు. కాపరికి తోడుగా గుట్ట మీదే ఉండిపోయాడు. గేటు ఖాళీగా ఉందని తెలిస్తే ప్రశ్నలు వస్తాయని గుమాస్తాకు బెంగ పట్టుకుంది. కాని గేటు పక్క గోడ మీద పదకొండేళ్ళ వేలిముద్రలు ఉన్నాయి కదా. ముద్రల మేస్త్రి వాటిలో బాగా పడినదాన్ని చూసి రబ్బరు బొటనవేలు ఒకటి చెక్కిచ్చాడు. ఆ రోజు మొదలు వాచ్‌మన్ హాజరు ఒక్క పూట తప్పలేదు. ఆలస్యం లేదు, జలుబు లేదు, ఎదురు మాట లేదు. అంత క్రమశిక్షణ గల మనిషిని తాత్కాలికుడిగా ఉంచడం సంస్థకే మచ్చ అని పెద్దాఫీసరు గట్టిగా సిఫారసు చేసి, అతన్ని పర్మనెంటు చేయించాడు. కుక్కకు ఇవ్వకుండా మిగిలిపోయిన పతకాన్ని స్టూలుకు తగిలించారు. ఇప్పుడు అతను పల్లెనడక సెలవుకు పూర్తిగా అర్హుడు. సొంత కుక్క ఉన్నట్టు ఆధారం చూపిస్తే చాలు.

మీరు నవ్వుతున్నారు, సంతోషం. నిన్న సాయంత్రం మీరు కిలో ఉల్లిపాయలు తూయించుకున్న త్రాసు కూడా ఆ ఆఫీసు గేటు దాటి వచ్చినదే. తూకం చూశారో లేదో నాకు తెలియదు. ముద్ర ఉందో లేదో చూసి, సంచీ పట్టారు.